స్ట్రాంగా, మైల్డా? ఎనిమిది శాతం నుంచి నాలుగుకి దిగినవాడి లెక్క

ఈ మధ్య ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "బీరంటే ఎనిమిది శాతం ఆల్కహాల్ కిందికి చూసేవాడివి కాదు కదా, ఇప్పుడు నాలుగుతో కూర్చుంటున్నావట! నీళ్ళు తాగినట్టు ఉండదూ?" అని. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పలేక విసుగొచ్చింది. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

డాక్టరు భయపెట్టాడనో, ఇంట్లో పోరు పడలేకనో మారినవాణ్ణి కాదు. పోయిన ఏడాది మా బావ పెట్టిన ఒక పరీక్షలో ఫెయిలయ్యాను, అదీ సంగతి. రెండు గ్లాసులు నా ముందు పెట్టాడు. ఒకదాంట్లో నల్లటి బీరు, పైన మీగడ కట్టినట్టు నురుగు. రెండోదాంట్లో లేత బంగారు రంగు, అడుగునుంచి ఆగకుండా లేస్తున్న బుడగలు. "ఏది స్ట్రాంగో చూసి చెప్పరా" అన్నాడు. నల్లదన్నాను. "సరే, ఇప్పుడు కళ్ళు మూసుకుని తాగి చెప్పు." తాగాను. మళ్ళీ నల్లదే అన్నాను.

నల్లది గిన్నిస్ డ్రాట్, 4.2 శాతం. బంగారు రంగుది బెల్జియం వాళ్ళ డువెల్, 8.5 శాతం. ఆ పేరుకి అక్కడి యాసలో దయ్యం అని అర్థం, ఊరికే పెట్టలేదు. పదేళ్ళుగా స్ట్రాంగ్ తప్ప ముట్టనని గొప్పలు పోయిన నాకు, తీరా స్ట్రాంగ్ ఎదురుగా పెడితే గుర్తుపట్టడం చేతకాలేదు. మా బావ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రెండూ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి కాబట్టి ఆల్కహాల్ ఘాటు అణిగిపోయిందని సర్దిచెప్పుకోవచ్చు. అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ అసలు కారణం వేరే. ఇన్నాళ్ళూ నేను 'కిక్కు' అనుకుంటున్నదాంట్లో సగం కిక్కు కాదు, చిక్కదనం. నోట్లో బీరు బరువుగా, నిండుగా అనిపిస్తే దాన్ని స్ట్రాంగ్ అంటున్నాను. పలచగా జారిపోతే మైల్డ్ అంటున్నాను. సీసా మీది అంకెకీ ఈ అనుభవానికీ మనం అనుకున్నంత చుట్టరికం లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త వంటింట్లోకి వెళ్ళాలి. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలాంటి ధాన్యాన్ని, వేడినీళ్ళలో నానబెట్టినప్పుడు అందులోని పిండిపదార్థం చక్కెరలుగా విడిపోతుంది. ఆ నీళ్ళు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఈస్ట్ తేలిగ్గా తినగలిగే చిన్న చక్కెరలు ఎక్కువ వస్తాయి. ఈస్ట్ వాటిని తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది, బీరు పొడిగా, పలచగా తేలుతుంది. అదే 69, 70 డిగ్రీల దగ్గర నానబెడితే ఈస్ట్‌కి కొరుకుడు పడని పెద్ద చక్కెరలు మిగిలిపోతాయి. వాటివల్ల ఆల్కహాల్ తగ్గుతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఆరేడు డిగ్రీల తేడా, అంతే. దానికి కాసిని ఓట్సో గోధుమలో కలిపితే ఇంకా మెత్తగా వస్తుంది. గిన్నిస్ లాంటివాటిలో కార్బన్ డయాక్సైడ్‌తోపాటు నైట్రోజన్ కూడా వాడతారు. దాని బుడగలు చాలా చిన్నవి, అందుకే నురుగు మీగడలా ఉంటుంది.

ఇక రెండో గ్లాసు సంగతి. బలం పెంచడానికి మాల్ట్ ఒక్కటే దారి కాదు, చక్కెర వేసినా పెరుగుతుంది. చక్కెర మొత్తాన్నీ ఈస్ట్ తినేస్తుంది కాబట్టి ఆల్కహాల్ మిగులుతుంది, చిక్కదనం మిగలదు. బెల్జియం వాళ్ళు కావాలనే, నేర్పుగా, ఇలా చేస్తారు. డువెల్ అంత బలంగా ఉండి కూడా గొంతులో తేలిగ్గా జారడం వెనక ఉన్నది ఈ కిటుకే. నేను ఏళ్ళ తరబడి తాగిన మామూలు స్ట్రాంగ్ లాగర్లలో (చల్లటి చోట పులియబెట్టే బీర్లు, మనకి ఎక్కువగా దొరికేవి) మాత్రం ఆ నేర్పు లేదు. బలం ఉంది, మంట ఉంది, మిగతాది ఐస్‌లాంటి చల్లదనం కప్పెట్టింది. కావాలంటే ఒక స్ట్రాంగ్ లాగర్‌ని గ్లాసులో పోసి అరగంట వదిలేసి తాగి చూడండి. నేను చూశాను. సగం సింకులో పోసేశాను.

ఇప్పుడు అంకెల లెక్క. 500 మిల్లీలీటర్ల ఎనిమిది శాతం బీరులో 40 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్ ఉంటుంది, బరువులో దాదాపు 32 గ్రాములు. నాలుగు శాతం బీరులో 16. మామూలుగా ఒంటికి గంటకి ఏడు నుంచి పది గ్రాములు వదిలించుకునే శక్తి ఉంటుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. అంటే మైల్డ్ ఒకటి తాగితే సుమారు రెండు గంటల పని, స్ట్రాంగ్ ఒకటి తాగితే నాలుగు గంటల పని. స్ట్రాంగ్ రెండయితే ఎనిమిది గంటలు, రాత్రి నిద్రంతా ఈ పనికే సరి. పొద్దున్నే తల ఎందుకు బరువుగా ఉంటుందో వేరే చెప్పాలా? కేలరీలకీ ఇదే లెక్క, గ్రాము ఆల్కహాల్‌కి ఏడు.

కానీ ఈ లెక్క చూసి మారాలనుకున్నవాళ్ళు నెల తిరక్కుండా వెనక్కి వెళ్ళిపోవడం చాలాసార్లు చూశాను. మొదటిసారి నేనూ అంతే. మైల్డ్ లాగర్ డజను తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, మంచులా చల్లబరిచి, సీసాతోనే ఎత్తేశాను. నీళ్ళలా ఉంది కాబట్టి నీళ్ళలాగే తాగాను, నాలుగు ఖాళీ. నాలుగు శాతంవి నాలుగంటే ఎనిమిది శాతంవి రెండు. మిగిలిందేమిటయ్యా అంటే బాత్‌రూమ్‌కి ఎక్కువసార్లు తిరగడం. నాలుక ఒప్పుకోకుండా లెక్క ఒక్కటే ఒప్పుకుంటే ఇలాగే అవుతుంది.

కాబట్టి ఏది మేలు అన్నప్పుడు నేను చూసేది శాతం కాదు, తక్కువ బలంలో చిక్కదనం నిలిచిందా లేదా అన్నది. ఆ కొలతతో చూస్తే మైల్డ్ బీర్లన్నీ ఒక గాటన కట్టేవి కావు.

స్ట్రాంగ్ నుంచి దిగేవాళ్ళకి నా ఓటు నల్లవాటికే. నాలుగు శాతం చుట్టుపక్కల ఉండే, గిన్నిస్ లాంటి ఐరిష్ స్టౌట్, మూడు మూడున్నర దగ్గర ఉండే ఇంగ్లిష్ డార్క్ మైల్డ్. వేయించిన బార్లీ వల్ల కాఫీ వాసన, మాడీమాడని చేదు వస్తాయి. నాలుక ఆ పనిలో ఉంటుంది కాబట్టి ఆల్కహాల్ తగ్గిందని ఫిర్యాదు చెయ్యదు. ఇంగ్లండ్ వాళ్ళకి ఈ విద్య అబ్బడం వెనక ఒక చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ధాన్యం కొరతవల్ల ప్రభుత్వం పెట్టిన ఆంక్షలతో అక్కడి బీర్ల బలం బాగా పడిపోయింది. యుద్ధం అయ్యాక కూడా పాత స్థాయికి రాలేదు. ఉన్న కొద్ది మాల్ట్‌లోనే రుచి రాబట్టక తప్పలేదు వాళ్ళకి. డార్క్ మైల్డ్ మొదటి గుక్కలో పెద్దగా ఏమీ చెప్పదు. గ్లాసు సగమయ్యాక, చల్లదనం తగ్గాక, ఎండు ఖర్జూరంలాంటి తీపి ఒకటి మెల్లగా పైకి వస్తుంది. నేను మొదటి మూడుసార్లు అక్కడిదాకా ఆగలేదు, గబగబా తాగేశాను. నాలుగోసారి ఫోన్ మాట్లాడుతూ గ్లాసు పక్కన పెట్టి మరిచిపోతే అప్పుడు దొరికింది.

అందరూ ముందు ఎగబడేది సెషన్ ఐపీఏ మీద. చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ పువ్వులు దండిగా వేసే బీరు ఐపీఏ, దాన్నే బలం తగ్గించి చేస్తే సెషన్. వాసన అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాలి. గ్లాసు ముక్కు దగ్గర పెడితే నారింజ తొక్క గిల్లినట్టు ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఆరేడు శాతం ఐపీఏలో హాప్స్ చేదుని మోసేది మాల్ట్ తీపి, ఆల్కహాల్ ఇచ్చే నిండుదనం. నాలుగుకి దించినప్పుడు ఆ రెండూ తగ్గి, చేదు ఒంటరిగా నిలబడుతుంది. ఓట్స్ వేసి జాగ్రత్తగా చేసినవి బాగుంటాయి. తక్కినవి రెండో గ్లాసుకి నాలుక మీద గీరినట్టు ఉంటాయి. ఇవి తాజాగా తాగాల్సినవి కూడా. హాప్స్ వాసన నెలలు నిలవదు, సీసా మీద తేదీ చూడకుండా కొనకండి.

చిక్కదనం లేకుండానే మెప్పించే ఒక రకం ఉంది, నా సిద్ధాంతానికి ఎదురు తిరిగేది. జర్మనీ వాళ్ళ బెర్లినర్ వైసె. మూడు శాతమే, పులుపు ప్రాణం. చిక్కదనం చెయ్యాల్సిన పని ఇక్కడ పులుపు చేస్తుంది. పోలండ్ వాళ్ళ గ్రోజిస్కీ కూడా మూడు శాతం దగ్గరే. ఓక్ పొగలో ఆరబెట్టిన గోధుమ మాల్ట్‌తో చేస్తారు, గ్లాసులోంచి సన్నగా పొగ వాసన వస్తుంది. రెండూ బాగుంటాయి. కాకపోతే స్ట్రాంగ్‌కి అలవాటుపడ్డ నాలుకని తిన్నగా ఇక్కడికి తీసుకొస్తే "ఇది బీరేనా?" అంటుంది. ఆర్నెల్లు ఆగి రండి.

చెక్ వాళ్ళ పది డిగ్రీల లాగర్ ఇంకో మంచి మెట్టు. ఆ పది చూసి కంగారుపడొద్దు, అది ఆల్కహాల్ శాతం కాదు. పులియబెట్టకముందు ఆ ద్రవంలో ఎంత చక్కెర ఉందో చెప్పే కొలత. ఆల్కహాల్ నాలుగు చుట్టూ తేలుతుంది.

బీరులో నిమ్మ సోడాలాంటిది కలిపే రాడ్లర్, షాండీ నాకు కూల్‌డ్రింక్ లెక్క. అర శాతం, సున్నా శాతం బీర్ల గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పటికంటే చాలా మెరుగయ్యాయి, నల్లవి మరీను. బండి నడపాల్సినరోజు అవే. అంతకుమించి నేను వాటితో ఎక్కువ కాలం గడపలేదు.

స్ట్రాంగ్ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి కదా. ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్, బెల్జియం క్వాడ్రుపెల్ లాంటి బాగా స్ట్రాంగ్ బీర్లు ఇచ్చేది మైల్డ్ ఎప్పటికీ ఇవ్వలేదు. ఆ కిస్మిస్ వాసన, గుండెల్లో పాకే ఆ వెచ్చదనం, ఏళ్ళ తరబడి దాచుకుంటే మారే రుచి, వీటన్నిటికీ ఆ బలం కావాల్సిందే. మైల్డ్‌ని దాచుకోలేం, పాడవుతుంది. అయితే అవి చిన్న గ్లాసులో గంటసేపు తాగేవి. అలా కాకుండా వరసగా లాగించేదాన్నే నేను పదేళ్ళు స్ట్రాంగ్ అనుకున్నాను. బెల్జియంలో వెస్ట్‌మాల్ మఠం ఉంది. వాళ్ళ ట్రిపెల్ అనే బీరు 9.5 శాతం, లోకమంతా మెచ్చుకునేది. మఠంలో సన్యాసులు తమ రోజువారీ తాగుడుకి చేసుకునేది మాత్రం ఎక్స్‌ట్రా అని ఇంకోటి, 4.8 శాతం. తయారుచేసేవాళ్ళకి ఏది ఎప్పుడు తాగాలో తెలుసు మరి.

మారాలనుకునేవాళ్ళకి నాకు పనికొచ్చినవి రెండు మూడు చెప్తాను. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి అన్నీ నీళ్ళలాగే ఉంటాయి, ఏడెనిమిది డిగ్రీలకి వస్తే రుచి విచ్చుకుంటుంది. సీసాతో కాకుండా గ్లాసులో పోసుకోండి, సగం రుచి ముక్కులోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, స్ట్రాంగ్ తాగాక మైల్డ్ ముట్టకండి. ఎంత మంచిదైనా చప్పగా ఉంటుంది, తప్పు దానిది కాదు. రెండూ తాగాలనుకుంటే ముందు మైల్డ్. నాకు నాలుక కుదుటపడటానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో స్ట్రాంగ్ పెట్టుకోలేదు.

తక్కువైనా ఆల్కహాల్ ఆల్కహాలే. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. కాబట్టి అలవాటు లేనివాళ్ళు ఇది చదివి కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు.

మొన్న మా బావకి అదే పరీక్ష తిప్పి పెట్టాను. ఈసారి ఒక డార్క్ మైల్డ్, ఒక డాపెల్‌బాక్ (జర్మనీ వాళ్ళ స్ట్రాంగ్ లాగర్), రెండూ ముదురు రంగువే, రెండూ పది డిగ్రీల చల్లదనంలో. మొదటి గుక్కకే సరిగ్గా చెప్పేశాడు. ఎలాగని అడిగితే, "రెండోది తాగాక మొదటిది మళ్ళీ తాగాలనిపించింది, మొదటిది తాగాక రెండోది గుర్తు రాలేదు" అన్నాడు. డాపెల్‌బాక్ ఇంకా సగం అలాగే ఉంది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాం. ఈపాటికి గ్యాస్ పోయి ఉంటుంది.