గండికోట, బెలుం: తొమ్మిదో తరగతి చలనం పాఠంతో ఓ ప్రయాణం

కడప నుంచి గండికోటకు బస్సా, కారా అని ఎవరైనా అడిగితే, ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే వెళ్లేటప్పుడు ఆర్టీసీ బస్సే ఎక్కమంటాను. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

మా అమ్మాయికి అప్పుడే చలనం పాఠం మొదలైంది. కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టింది. రాయికీ రాయికీ మధ్య 72 సెకన్లు పడితే, 3600ని 72తో భాగిస్తే గంటకు 50 కిలోమీటర్లు. తీరా గండికోట చేరాక సుమారు 80 కిలోమీటర్లకు రెండున్నర గంటలు పట్టినట్టు తేలింది. "బస్సు 50లో వచ్చింది కదా నాన్నా, సరాసరి 32 ఏంది?" అంది. బస్టాండుల్లో ఆగినదీ, ఆటో కోసం నిలబడినదీ సమయమే కదా, అదీ లెక్కలోకి వస్తుందని చెప్పాను.

బసకు టూరిజం వాళ్ల హరిత హోటల్ నాకు నచ్చింది, కోటకు దగ్గర. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోండి. టెంట్లు చలికాలంలో బాగుంటాయి, ఎండాకాలంలో వద్దు. పెన్నా లోయ అంచున పిల్లల చెయ్యి వదలకండి.

బెలుం గుహలకు కారు మాట్లాడుకున్నాం. ఇక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. డ్రైవర్ 90 దాటించాడు. గంటకు 90 అంటే సెకనుకు 25 మీటర్లు. గేదె అడ్డొచ్చిందని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టేలోపే బండి అంత దూరం పోతుంది. పైగా బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం, 60లో కంటే 90లో రెండింతల పైనే. గట్టిగా చెప్తే తగ్గించాడు. కారు మాట్లాడుకునేటప్పుడే ఈ మాట తేల్చుకోండి.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. మలుపులు, మెట్లు, వంగి దూరాల్సిన సందులు, అట్టడుగున పాతాళగంగ. తిరిగి దిగిన చోటికే పైకొస్తాం. నడిచిన దూరం అంత ఉన్నా స్థానభ్రంశం, అంటే మొదలైన చోటికీ చేరిన చోటికీ మధ్య నేరు దూరం, సున్నా. పాఠంలో సరాసరి వేగం (velocity) అంటే స్థానభ్రంశాన్ని సమయంతో భాగించడం, కాబట్టి అదీ సున్నాయే. బస్సుకు లెక్కేసిన 32 మాత్రం దూరంతో వచ్చే సరాసరి వడి (speed). చెమటతో తడిసిన చున్నీ పిండుకుంటూ మా అమ్మాయి దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. నోట్‌బుక్‌లో గుహ దారి గీసి, మొదలూ చివరా ఒకే చుక్క అయ్యాక గానీ ఊరుకోలేదు.

లోపల ఉక్క ఎక్కువ. నూలు బట్టలు వేసుకోండి, నీళ్ల సీసా మరవకండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం పాతాళగంగ దాకా తీసుకెళ్లకండి.