పద్నాలుగేళ్ళు కట్టిన నా బరంపురం పెళ్ళి పట్టు

2011 వేసవిలో నా పెళ్ళికి మా అమ్మ కొనిపెట్టిన, ఒడిశాలోని మా ఊరు బరంపురంలో నేసిన పట్టు చీరను ఈ పద్నాలుగేళ్ళలో ముప్పై సార్లకు పైగానే కట్టాను. బంధువుల పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, పిల్లల బారసాలలకు, రెండేళ్ళకొకసారి మా ఊరిలో జరిగే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకు అదే నా చీర. 2022లో మా అన్నయ్య కూతురి పెళ్ళి పనులు దగ్గరుండి చూసుకున్నప్పుడు పెళ్ళి బట్టలు, జాకెట్లు, వేదికలు ఎంత మారాయో గమనించాను. ఆనాడు కొన్నవాటికి కూడా ఇప్పుడు మూడేళ్ళు నిండాయి. రెండింటి తీరునూ చూసినదాన్ని కనుక, పెళ్ళి చీర కొనబోయేవారికి పనికివస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

నా చీర మిరపపండు రంగు, ముదురాకుపచ్చ అంచు. చీర ఒంటి రంగులోకి అంచు రంగు గుడి శిఖరాల్లాగా పళ్ళు పళ్ళుగా చొచ్చుకొని వచ్చే ఈ నేతను ఫోడా కుంభ అంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన నేత ఇది. చీరతో పాటు వరుడికి నేసే పంచె, ఉత్తరీయాలను జోడా అంటారు, దానికీ అదే గుర్తింపు ఉంది. మా ఊరిలో తరతరాలుగా ఈ పట్టు నేస్తున్నది తెలుగు మాట్లాడే దేవాంగులు. మా అమ్మ దుకాణానికి వెళ్ళకుండా నేరుగా మగ్గం ఇంటికే తీసుకువెళ్ళింది. ఆ రోజుల్లో చీరకు 8,500 రూపాయలు పడింది. జరీ అంచుకూ కొంగుకూ మాత్రమే పరిమితం కావడంతో చీర తేలికగా ఉంటుంది. మే నెల ఉక్కలో హోమగుండం ముందు నాలుగు గంటలు కూర్చున్నా భుజం లాగినట్టు అనిపించలేదు.

మొదటి దెబ్బ పెళ్ళి పీటల మీదే తగిలింది. మధుపర్కాలు మార్చుకునే వ్యవధి లేక తలంబ్రాలు ఈ చీర మీదే పోసుకున్నాము. చెమటకు తడిసిన కొంగు మీద పసుపు బియ్యం అంటుకొని అరచేయంత మరక పడింది. ఇంటికి రాగానే మా పిన్ని ఆదుర్దాగా సబ్బు పెట్టి రుద్దేసరికి ఆ పసుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుందని అప్పటికి మాకెవరికీ తోచలేదు. చీర నేసిన ముసలాయన దగ్గరకు పట్టుకొని వెళితే, చల్లని నీటిలో రెండు చుక్కల నిమ్మరసం కలిపి మరక ఉన్నంతమేర మాత్రమే తడిపించి, నీడలో ఆరబెట్టమన్నాడు. ఎరుపు పోయి మళ్ళీ పసుపుకు వచ్చింది. వెలుతురు తగిలే గదిలో అప్పుడప్పుడు విప్పి పెడుతూ ఉండగా ఆ పసుపు కూడా ఏడాదికి లేతబడింది. ఇప్పుడు నేను వేలు పెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ కనిపించదు.

రెండో పరీక్ష ఫైలిన్ తుపాను. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి నాటి రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఇంటి వెనక గది పైకప్పు రేకులు లేచిపోయి, ఇనుప ట్రంకు పెట్టెలోకి నీళ్ళు దిగాయి. కరెంటు లేదు, ఇంటినిండా బురద. పెట్టె తెరిచే తీరిక మూడో రోజుకు గాని చిక్కలేదు. చీర ముద్దగా తడిసి ఉంది. కుచ్చిళ్ళ దగ్గర ఒక మడతలో ఆకుపచ్చ రంగు ఎరుపులోకి దిగి, ట్రంకు అంచు ఆనిన చోట తుప్పు గీత పడింది. పిండకుండా పరుపు దుప్పటి మీద పరిచి ఆరబెట్టాము. రంగు దిగిన జాడ కుచ్చిళ్ళలోనే ఉండిపోయింది కనుక కట్టుకుంటే తెలియదు. తుప్పు గీత మాత్రం పోలేదు. జరీ కొంచెం మసకబారింది కాని ఒక్క పోగు కూడా లేవలేదు. ఆ నాటి నుంచి చీరను ఉతికిన మల్లు గుడ్డలో చుట్టి చెక్క బీరువాలో పెడుతున్నాను. సముద్రపు గాలి వీచే మా ప్రాంతంలో జరీలోని వెండి నల్లబడకుండా ఉండాలంటే కలరా ఉండలు, సెంటు దానికి తగలనివ్వకూడదు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిసారి తడిపినప్పుడు ఆకుపచ్చ కొంచెం వదులుతుంది. ఫాల్ కుట్టించేటప్పుడు నేను శ్రద్ధ పెట్టక గరుకు గుడ్డ వేయించుకున్నాను. అది ముడుచుకుపోయి అంచును లాగడంతో విప్పించి మళ్ళీ వేయించవలసి వచ్చింది. పదో ఏట మోకాలి దగ్గర మడత వెంట అంగుళం మేర పట్టు చీలింది. ఇది నేత తప్పు కాదు, మూడేళ్ళ పాటు అదే మడతలో ఉంచిన నాది. "మడత మార్చకపోతే చీర మడత కాడే చచ్చిపోద్దమ్మా" అని ఆ ముసలాయన కొన్న రోజునే చెప్పాడు. జాకెట్టు ముక్కలో మిగిలిన పీలిక నుంచి పోగులు లాగి ఆయన కోడలు రఫూ చేసింది. అదే రంగు, అదే పట్టు కావడంతో చీలిక కలిసిపోయింది. నేసిన ఇల్లు తెలిసి ఉండడం వల్ల కలిగే లాభం ఇది. దుకాణంలో కొన్న చీరకు ఈ వీలు దొరకడం కష్టం.

జాకెట్టు సంగతి నాకు అన్నిటికంటె ముఖ్యంగా కనిపిస్తుంది. నా జాకెట్టు చీరతో వచ్చిన ముక్కతోనే కుట్టించినది, చేతులకు అంచు తప్ప పనితనం ఏమీ లేదు. లోపల రెండు పక్కలా అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టమని మా అమ్మ దర్జీకి గట్టిగా చెప్పింది. ఇద్దరు పిల్లలు పుట్టిన తరువాత రెండుసార్లు కుట్టు విప్పి వదులు చేయించుకున్నాను. మా అన్నయ్య కూతురికి కుట్టించిన మగ్గం పని జాకెట్టుకు కుట్టుకూలీ, పనితనం కలిపి 12,000 అయింది. పెళ్ళి నాడు నిజంగా ఎంతో అందంగా ఉంది. అయితే పూసలు కుట్టు దాకా వచ్చాయి కనుక వదులు చేయడానికి వీలు లేదు, ఉతకడానికి అసలే వీలు లేదు, చెమటకు చంకల దగ్గర జరీ నల్లబడింది. మూడేళ్ళలో ఆ పిల్ల దాన్ని రెండుసార్లే వేసుకుంది. మగ్గం పని వద్దని నేను అనను. మెడకూ చేతులకూ మాత్రమే చేయించి, పక్క కుట్లు ఖాళీగా ఉంచమని చెప్పండి.

ఆ పెళ్ళికి కొన్న చీర లేత గులాబి రంగు కంచి పట్టు, 38,000 రూపాయలు. వేదికకు లేత రంగులు ముందే నిర్ణయించారు, ఆ తరువాత దానికి నప్పే చీర వెతికారు. ఈ వరుస తలకిందులుగా ఉందని నాకు అప్పుడే అనిపించింది. వేదిక ఒక్క పూట ఉంటుంది. పైగా రాత్రి ముహూర్తానికి ఊదా రంగు లైట్లు వేసేసరికి అంత ఖరీదైన గులాబి రంగు బూడిదలా కనిపించింది, ఫొటోలలోనూ అలాగే పడింది. చీర ముందు రోజు ప్రీ ప్లీటింగ్‌కు ఇచ్చాము. కుచ్చిళ్ళు క్లిప్పులతో బిగించి, వేడి ఇస్త్రీ పెట్టి, పెట్టెలో సర్ది పంపారు. కట్టడం పది నిమిషాలలో అయిపోయింది, ఆ సౌకర్యం నేను కాదనను. కాని ఇస్త్రీ తిన్నగా జరీ మీద పెట్టిన చోట మడతల వెంట జరీ పగిలి, లోపలి పోగు ఇప్పుడు కనిపిస్తోంది. మధ్యలో పలచని గుడ్డ వేసి తక్కువ వేడి పెట్టమని ముందుగానే చెప్పి ఉండవలసింది.

అమ్మినవారు ఆ చీరకు సిల్క్ మార్క్ చీటీ చూపించి జరీ కూడా అసలైనదేనని నమ్మబలికారు. సిల్క్ మార్క్ పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది, జరీ గురించి ఏమీ చెప్పదు. వెండి జరీయా, రాగి తీగ మీద పూతా, ప్లాస్టిక్ జరీయా అన్నది విడిగా అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. కేవలం చీటీ చూసి మేము ఆ పని చేయలేదు.

వరుడి బట్టల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మా వారి జోడా ఇప్పటికీ సత్యనారాయణ వ్రతానికి, పండగలకు కడుతూనే ఉన్నారు. మా మరిది రిసెప్షన్‌కు కుట్టించుకున్న షేర్వానీ కవరులోంచి మళ్ళీ బయటకు రాలేదు.

కొంగు నిండా జరీ మెరవాలనీ, దూరం నుంచి కూడా వేదిక మీద చీరే కనిపించాలనీ కోరుకునేవారికి బరంపురం పట్టు నచ్చకపోవచ్చు. దాని అందం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. రంగులు కూడా నేతగాడి దగ్గర ఉన్నంతలో ఎంచుకోవాలి, లేదా రెండు నెలల ముందు చెప్పి నేయించుకోవాలి. మా ఆడపడుచు కూతురు ఈసారి అలాగే చెప్పుకుంది, వచ్చే మాఘమాసంలో పెళ్ళి. తను కోరిన లేత రంగే, మావిడి చిగురు ఒళ్ళు, వంగపండు అంచు. మొన్న ఇద్దరమూ వెళ్ళి చూశాము. మగ్గం మీద నేత మూడు జానల దాకా వచ్చింది, అంచు పళ్ళు తేలాయి. మండపం వారికి చూపించడానికి ఆ రెండు రంగుల పట్టుపోగులూ జానెడేసి తెంపి ఇమ్మని అడిగి తెచ్చుకుంది.