శనివారం ఏ సినిమా వేద్దాం: లిటిల్ సోల్జర్సా, బాలరామాయణమా?

బెంగళూరులో పెరిగే మన పిల్లలు తెలుగు మాట్లాడేది ఇంట్లోనే. బడిలో కన్నడ, కింద ఆటల దగ్గర ఇంగ్లీషూ హిందీ. అందుకని అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒక పాత తెలుగు సినిమా వేద్దామంటే పెద్దవాళ్లు ఠక్కున బాలరామాయణం అంటారు. నా ఓటు లిటిల్ సోల్జర్స్‌కి.

బాలరామాయణానికి వంక పెట్టడానికి లేదు. గుణశేఖర్ పిల్లలతోనే రామాయణం ఆడించాడు. రాముడు జూనియర్ ఎన్టీఆర్. 1996కి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. చిక్కల్లా పౌరాణిక భాషతోనే. పక్కన అమ్మమ్మో తాతయ్యో కూర్చుని అర్థం చెబుతుంటే అదో సరదా. చెప్పేవాళ్లు లేకపోతే, కిరీటాలు పెట్టుకున్న తమ ఈడు పిల్లల్ని చూసి కాసేపు నవ్వుకుని ఆటకు లేచిపోతారు.

లిటిల్ సోల్జర్స్ 1996లో వచ్చింది. ఆ తర్వాత టీవీలో 'అమృతం' కామెడీ సీరియల్ అందించిన గుణ్ణం గంగరాజు దీనికి దర్శకుడు. ఆ వెటకారం ఇందులోనే మొదలైందనిపిస్తుంది. అన్నగా బాలాదిత్య, చెల్లెలుగా కావ్య. చాలా సినిమాల్లో పిల్లల చేత ముసలివాళ్ల మాటలు చెప్పిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఇద్దరూ మాత్రం అచ్చం పిల్లల్లాగే అల్లరి చేస్తారు, అలుగుతారు. వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు కలిసిన తెలుగు మన పిల్లలకు కొత్త కాదు. సిరివెన్నెల పాటలు కూడా అదే బాణీలో ఉంటాయి. పాటలు విన్నవాళ్లలో సినిమా చూసినవాళ్లు తక్కువ, అదే నా బాధ. పైగా నాన్న వేషం రమేష్ అరవింద్‌ది. పక్కింటి కన్నడ పిల్లలకు ఆయన టీవీ షో 'వీకెండ్ విత్ రమేష్' అంకుల్, కాబట్టి వాళ్లూ వచ్చి కూర్చుంటారు.

ఒక్క జాగ్రత్త. ఇందులో అమ్మానాన్నలు చనిపోతారు, ఆస్తి కోసం దుర్మార్గులు పిల్లల వెంటపడతారు. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లు తట్టుకుంటారు కానీ మరీ చిన్నవాళ్లు బెదురుతారు.

ఎవరో ఒకరు 'అంజలి' అని కూడా అంటారు. మంచి సినిమానే, కానీ అది తమిళం నుంచి డబ్బింగ్. పైగా పిల్లల కన్నా పెద్దవాళ్లే ఎక్కువ ఏడుస్తారు.

వచ్చేవాళ్లలో ఎల్‌కేజీ, యూకేజీ బ్యాచ్ ఎక్కువైతే బాలరామాయణమే వేయండి, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. మిగతా ఏ శనివారమైనా లిటిల్ సోల్జర్సే.