ఆబోతుల ఎంపికకు జన్యు పరీక్ష: ఒక సేవపై సమీక్ష

బ్రెజిల్‌లోని మాతో గ్రోసో దో సుల్ రాష్ట్రంలో నేను పశువైద్యుడిగా పనిచేస్తున్న క్షేత్రంలో, మాంసం కోసం పెంచే నెలోర్ మంద నుంచి నిరుడు 60 కోడెదూడలకు ఒక ప్రైవేటు సంస్థ చేత జన్యు పరీక్ష చేయించాము. నెలోర్ అంటే మన ఒంగోలు జాతే. 1960ల ఆరంభంలో ఇక్కడికి వచ్చిన కర్వాది అనే ఆబోతు పేరు వంశావళి పత్రాలలో నేటికీ కనిపిస్తుంది. అది ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరని చెబితే మా కాపరులు నవ్వారు.

మేము కోరినది మేత పొదుపు గుణం. బరువును, ఎదుగుదలను బట్టి రోజుకు 10 కిలోల పొడి మేత తినవలసిన పశువు 9 కిలోలతోనే అంత ఎదిగితే, దాని విలువ మైనస్ 1 అని లెక్క. దీనిని నేరుగా కొలవాలంటే, చెవిపోగును గుర్తుపట్టి ప్రతి మేతనూ తూచే ఎలక్ట్రానిక్ తొట్ల దగ్గర పశువును వారాల తరబడి ఉంచాలి. జన్యు పరీక్షకైతే తోక కుచ్చు నుంచి కుదుళ్ళతో పీకిన వెంట్రుకలు చాలు. వాటి డీఎన్ఏలోని వేలాది గుర్తులను, తొట్ల వద్ద ఇదివరకే కొలిచిన పశువుల వివరాలతో పోల్చి అంచనా కడతారు.

నాలుగు నమూనాలు తిరిగి వచ్చాయి, కుదుళ్ళు తెగిపోవడం మా తప్పే. నివేదికతోనే నాకు పేచీ. ర్యాంకులను పెద్ద అక్షరాలతో వేసి, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో తెలిపే శాతాన్ని చివరి పేజీలో కంటికి ఆనని అక్షరాలతో పెట్టారు. పైగా మేము పంపినవాటిలో ఎనిమిది ఆంగస్ అనే యూరప్ మాంసపు జాతితో సంకరం చేసిన దూడలని ముందే తెలిసినా, శుద్ధ నెలోర్‌లపై కట్టిన లెక్కనే వాటికీ వర్తింపజేసి పూర్తి రుసుము తీసుకున్నారు.

శుద్ధ జాతి దూడలలో అడుగున నిలిచిన మూడో వంతును తొలగించి, పై వాటిలో పన్నెండింటిని తొట్ల పరీక్షకు పంపాము. మొదటి ర్యాంకు దూడ అక్కడ ఆరో స్థానానికి దిగింది. అయినా పన్నెండులో తొమ్మిది మైనస్ విలువలతోనే బయటపడ్డాయి. ఈ ఒక్క అంకెనే పట్టుకుంటే కొవ్వు పొర పలచబడే ప్రమాదమూ ఉంది గనుక, దానిని కూడా అల్ట్రాసౌండ్‌తో చూశాకే ఆబోతులను నిలుపుకున్నాము.

ఈ ఏడాది మళ్ళీ శుద్ధ నెలోర్ దూడల నమూనాలను మాత్రమే పంపుతున్నాము; ప్రతి అంకె పక్కనే దాని నమ్మకపు శాతాన్నీ వేయాలని ఒప్పంద పత్రంలో రాయించాను.