ఎన్‌టీ స్కానా, టిఫా స్కానా?

గర్భిణులకు కడుపులోని బిడ్డను చూసేందుకు చేసే ఈ రెండు స్కాన్లలో ఒకటి చేయించుకుంటే రెండోది అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. రెండూ వెతికేవి వేరు.

ఎన్‌టీ (నూకల్ ట్రాన్స్‌లూసెన్సీ) స్కాన్‌కు గడువు తక్కువ: 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, బిడ్డ పొడవు 45–84 మి.మీ. ఉన్నప్పుడే. మెడ వెనక చర్మం కింద నీటి పొర మందం కొలుస్తారు. 3.5 మి.మీ. దాటితే క్రోమోజోమ్ లోపాలు, గుండె లోపాల అనుమానం పెరుగుతుంది. ఇక్కడ అర మిల్లీమీటరూ లెక్కే. బిడ్డ తల వెనక్కి వాలితే కొలత ఎక్కువగా, గడ్డం ఛాతీకి ఆనితే తక్కువగా వస్తుంది. ఉమ్మనీటి సంచి పొరనే చర్మమని పొరబడే వీలూ ఉంది. బిడ్డ కదిలేదాకా ఆగి మళ్లీ కొలిచే డాక్టరు దొరకడం అదృష్టమే. తల్లి రక్తంలో రెండు పదార్థాలను కొలిచే డబుల్ మార్కర్ పరీక్ష కలిపితే డౌన్ సిండ్రోమ్ అనే క్రోమోజోమ్ లోపం సుమారు 90 శాతం వరకు పట్టుబడుతుంది. అయినా అది అనుమానమే. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్ష లాంటిది కావాలి.

టిఫా, అంటే బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్, 18–22 వారాల్లో చేస్తారు. గుండె గదులు, వెన్నెముక, కిడ్నీలు, పెదవి చీలిక వంటి నిర్మాణ లోపాలు దీనిలోనే బాగా తెలుస్తాయి. బిడ్డ వీపు పైకి ఉంటే గుండె సరిగా కనిపించదు, కాసేపు నడిచి రమ్మంటారు, విసుక్కోకండి. 19–20 వారాలకే వెళ్లడం మేలు. ఎందుకంటే తీవ్ర లోపం బయటపడితే, గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 24 వారాలు దాటాక గర్భస్రావానికి మెడికల్ బోర్డు నిర్ణయం తప్పనిసరి.