వైపర్ 11తో తొమ్మిదేళ్లు: నూనె తాగడం మానేస్తే భయపడాల్సిన ఇంజిన్

వైపర్ 11 అనే ఈ జెట్ ఇంజిన్ థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఎంత, బరువెంత అనేవి ఎక్కడైనా దొరుకుతాయి, నేను చెప్పను. మన వైమానిక దళంలో పైలట్లకు శిక్షణ ఇచ్చే కిరణ్ మార్క్ 1 జెట్ విమానాల మీద ఇంజిన్ ఫిట్టర్‌గా తొమ్మిదేళ్లు చేశాను. అన్నేళ్లూ నా చొక్కాలకు పట్టిన వాసన ఈ వైపర్‌దే. ఇందులో నాకు బాగా నచ్చిందీ, నన్ను వణికించిందీ ఒక్కటే: దీని నూనె వ్యవహారం.

1950ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వాళ్లు దీన్ని చేసింది మనిషి ఎక్కే విమానం కోసం కాదు, జిండివిక్ కోసం. ఆస్ట్రేలియాలో ఆయుధ పరీక్షలకు గురిగా ఎగరేసే పైలట్ లేని విమానం అది. కూలిపోవచ్చని తెలిసే ఎగరేసేదానికి ఏళ్ల తరబడి మన్నే ఇంజిన్ దేనికి? పది గంటలు తిరిగితే చాలనుకున్నారు. మధ్య, వెనక బేరింగులకు పంపిన నూనెను మళ్లీ ట్యాంకులోకి లాగే ఏర్పాటే లేదు. చిన్న మీటరింగ్ పంపు కొలిచి కాస్త కాస్త పంపుతుంది, బేరింగు తడిశాక అది వేడిగాలితో పాటు బయటికి పోతుంది, అంతే. పాత టూ-స్ట్రోక్ స్కూటర్ నూనెను కాల్చేసుకున్నట్టే. తర్వాత మనుషులెక్కే విమానాలకని గట్టిపరిచి ఆయుష్షు వందల గంటలకు తెచ్చారు గానీ ఈ అలవాటు మాత్రం అలాగే మా దాకా వచ్చింది.

నేను కొత్తగా లైన్‌లో చేరిన రోజుల్లో ఒక విమానం ఉండేది. మిగతావాటిలో రోజూ నూనె పోయాల్సి వచ్చేది, దీనిలో నాలుగు రోజులుగా మట్టం దాదాపు కదల్లేదు. మంచి ఇంజిన్ పడిందిరా అనుకుని విమానం రోజువారీ రికార్డు రిజిస్టరైన ఎఫ్-700లో సంతోషంగా రాసి సంతకం పెట్టేశాను. ఆ సాయంత్రం మా వారెంట్ ఆఫీసర్ గారు, బొబ్బిలి వైపు ఆయన, రిజిస్టర్ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఏటి తమ్ముడూ, మీ ఇంటికాడ గేదె కుడితి మానేస్తే ఖర్చు కలిసొచ్చిందని సంబరపడతావేటి?"

నాకు అర్థమయ్యేసరికి చేతులు చల్లబడ్డాయి. నూనె ఖర్చు కాలేదంటే బేరింగుకు అందలేదన్నమాట. ఇంజిన్ స్టార్ట్ చేయించి ఆపించారు, నన్ను వెనక వేడిగాలి బయటికొచ్చే జెట్ పైపు దగ్గర నిలబెట్టి వినమన్నారు, ఆయన వాచీ చూస్తున్నారు. మామూలుగా ఆపేశాక ఇది ఈల వేసుకుంటూ తీరిగ్గా ఆగుతుంది. ఆ రోజు ఈల మధ్యలోనే తెగిపోయి చివర్లో ఇసుక నలిగినట్టు చిన్న గరగర వినిపించింది. విప్పి చూస్తే మీటరింగ్ పంపు సరిగ్గా కొట్టడం లేదు. మర్నాడు ఉదయం మొదటి సార్టీలో, అంటే మొదటి విడత ఎగరడంలో, దాన్ని ఎక్కాల్సింది ఇరవై ఏళ్లు నిండీ నిండని ఒక క్యాడెట్. అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఇన్నేళ్లూ నా వైపర్‌లు నన్ను ఇబ్బంది పెట్టలేదు. మహా మొండి ఇంజిన్ అని అందరికీ చెప్పుకున్నాను కూడా. ఇప్పుడాలోచిస్తే ఆ మొండితనంలో సగం రోజూ మట్టం కొలిచి రాసిన మాదే. మే నెల మధ్యాహ్నం, వేడికి గాలి పలచబడి, ఇద్దరు మనుషులు, నిండా ఇంధనం ఉన్నప్పుడు విమానం రన్‌వే చివరికంటా పాకేది, చూసేవాళ్లకే టెన్షన్. మార్క్ 2లో ఇంకా బలమైన ఆర్ఫియస్ ఇంజిన్ పెట్టారంటే ఊరికే కాదు. ఆ ఈల ఉంది చూశారూ, హైదరాబాద్ దగ్గర వైమానిక దళ అకాడమీ ఉన్న దుండిగల్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు చిన్ననాటి జ్ఞాపకమేమో, నాకైతే కుడి చెవి పోయింది. అప్పట్లో చెవులకు ఏమీ పెట్టుకోకుండా తిరగడం గొప్పనుకున్నాం, అది ఇంజిన్ తప్పు కాదనుకోండి.

నేను కింద నిలబడి చూసినవాణ్ని, పైన కూర్చున్నవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు. విడిభాగాలకు పెద్దగా వెతుక్కోని రోజులు కూడా నావి. ఆ రెండూ తీసేసి లెక్కేస్తే పదికి ఏడు ఇస్తాను. మొన్న సర్వీసింగ్‌లో కుర్రాడు "అంకుల్, మీ కారు చుక్క ఆయిల్ కూడా తాగలేదు" అన్నాడు మెచ్చుకోలుగా. డిప్‌స్టిక్ నేనే ఇంకోసారి తీసి చూశాను.