చెక్ ఇంజిన్ లైటు వెలగలేదని సెకండ్ హ్యాండ్ కారు కొనేయకండి

బేరం కుదిరిన రోజు డాష్‌బోర్డు మీద ఒక్క లైటు లేదు. తాళం తిప్పగానే అన్నీ వెలిగాయి, ఇంజిన్ స్టార్ట్ కాగానే అన్నీ ఆరిపోయాయి. "చూడన్నా, ఎంత నీట్‌గా ఉందో" అన్నాడు అమ్మిన మధ్యవర్తి. 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, రేటు మార్కెట్ కంటే కాస్త తక్కువ. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడో రోజు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాను. తొంభై దగ్గర బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గింజుకోవడమే తప్ప వేగం పెరగదు. మర్నాడు మళ్లీ అదే రోడ్డు, అదే వేగం. ఈసారి పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది.

మొదటి రోజే ఎందుకు వెలగలేదో మెకానిక్ చెప్పాకే తెలిసింది. ఇంధన సరఫరాలో తేడా ఒక ట్రిప్పులో కనబడితే బండిలోని కంప్యూటర్ దాన్ని పెండింగ్ కోడ్‌గా, అంటే ఇంకా ఖాయం కాని లోపం నంబరుగా రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ట్రిప్పులోనూ అదే కనబడితే అప్పుడు లైటు వేస్తుంది. అంటే కోడ్లు చెరిపేసిన బండిని పావుగంట టెస్ట్ డ్రైవ్‌కి ఇస్తే ఇలాంటి లోపానికి లైటు వెలగదు. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో ఈ కోడ్లు చదివే స్కానర్ పెడితే పీ0171 వచ్చింది, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. మామూలు పెట్రోల్‌కి గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి లెక్క తప్పిందని చెబితే, కంప్యూటర్ ఇంజెక్టర్‌ని ఇంకాస్త సేపు తెరిచి ఉంచుతుంది. ఆ సర్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అటో ఇటో పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఎంత సర్దినా చాలక పాతిక శాతం చుట్టుపక్కలకు చేరితే చాలా బండ్లలో కోడ్ పడుతుంది.

నా బండిలో లాంగ్ టర్మ్ ట్రిమ్, అంటే కంప్యూటర్ నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సర్దుబాటు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) 6 శాతం, స్పీడులో 27. గాలి ఎక్కడైనా లీకైతే ఇది తిరగబడి ఉండేదట, ఐడిల్‌లో ఎక్కువ, స్పీడులో తక్కువ. స్పీడులో పెరిగిందంటే ఇంజిన్ అడిగినంత పెట్రోల్ అందడం లేదని. ప్రెషర్ కొలిస్తే ట్యాంకులోని పంపు నీరసించింది. పంపు మార్చడానికి 9,200 రూపాయలు.

మధ్యవర్తికి ఫోన్ చేస్తే "అది ఈ20 పెట్రోల్ అన్నా, అన్ని బండ్లకీ వస్తోంది" అన్నాడు. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ పెరిగితే ట్రిమ్ నాలుగైదు శాతం పెరగడం నిజమే. 27 దాకా పోదు. పైగా పెట్రోల్‌దే తప్పైతే ఐడిల్‌లోనూ స్పీడులోనూ ఇంచుమించు ఒకేలా కనబడాలి.

అసలు మోసం బయటపడింది ఇంకో అంకెతో. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కంప్యూటర్ లెక్క పెడుతుంది. స్కానర్‌లో అది 231. డెలివరీ కాగితం మీద మీటర్ రీడింగ్ 61,408, మెకానిక్ దగ్గర 61,627. అంటే నేను నడిపింది 219. మిగిలిన 12లో ఎనిమిది నా టెస్ట్ డ్రైవే. నేను వచ్చే ముందే చెరిపారు!

కొనే ముందు ఏడెనిమిది వందలు పెట్టి ఆ సాకెట్‌లో పెట్టే ఒక బ్లూటూత్ అడాప్టర్ కొనుక్కోండి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు. మన దేశంలో ఓబీడీ2 (ఈ సాకెట్, కోడ్ల పద్ధతి) బీఎస్4 కాలుష్య ప్రమాణం కార్లకు 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, అంతకు పాతవాటిలో ఇవన్నీ దొరక్కపోవచ్చు. ముందు ఆ కిలోమీటర్ల లెక్క చూడండి. తర్వాత మానిటర్ల పేజీ, అంటే కంప్యూటర్ ఒక్కో భాగానికి చేసే పరీక్ష పూర్తయిందో లేదో చూపేది. క్యాటలిస్ట్ (పొగను శుభ్రం చేసే భాగం), ఆక్సిజన్ సెన్సర్ 'నాట్ రెడీ' అని ఉంటే ఈమధ్యే చెరిపినట్టే అనుకోండి, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండాలి. ఫ్యూయల్ సిస్టమ్ 'రెడీ' అని ఉందని మాత్రం మురిసిపోవద్దు. అది ఇంజిన్ నడుస్తున్నంతసేపూ చూస్తూనే ఉండే మానిటర్, చాలా బండ్లలో చెరిపిన వెంటనే కూడా రెడీ అనే చూపిస్తుంది. పెండింగ్ కోడ్లు వేరే పేజీలో ఉంటాయి, అదీ తెరవండి. ట్రిమ్ ఐడిల్‌లో ఒకసారి, హైవే మీద పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి ఇంకోసారి చూడండి. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ బొమ్మ అసలు వెలగకపోతే అది ఇంకో రకం మోసం, లైటే పీకేసి ఉంటారు.

కిలోమీటర్ల లెక్క తక్కువుంటే ప్రతిసారీ మోసమే అనలేం. నిజంగా రిపేర్ చేయించినా మెకానిక్ కోడ్లు చెరుపుతాడు. అప్పుడు బిల్లు అడగండి. నా బండిలోనూ ఇప్పుడు ఆ లెక్క 600 దాటలేదు, పంపు బిల్లు మాత్రం గ్లవ్ బాక్సులో ఉంది.